పాత తెప్పకు పెద్ద ఇంజను పెడితే వేగం రెట్టింపవుతుందా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా తెప్పలు ఒడ్డెక్కుతాయి, వలలు బాగుపడతాయి, ఇంజన్లు మారతాయి. ఇంజన్లు మారే చోట ఒక మాట గట్టిగా తిరుగుతోంది: "తెప్ప పాతదైతేనేం? ఇంజను పెద్దది బిగించు. వేగం రెట్టింపవుతుంది, వేలంపాటకు నువ్వే ముందుంటావు." ఈ మాట నమ్మి 10 హెచ్‌పీ దించి 20, 25 హెచ్‌పీ ఎక్కించిన పాత ఫైబర్ తెప్ప వెనక భాగాన్ని ఒకసారి వంగి చూడండి. బోల్టుల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్ళు, వాటిలోంచి కారిన గోధుమరంగు చారలు కనిపిస్తాయి. పలక కదిలిపోయినా ఇంజను కోసం షావుకారు దగ్గర చేసిన అప్పు మాత్రం కదలదు.

ముందుగా చేరిన పడవ చేపకు మంచి ధర పలుకుతుందన్నది నిజమే. అందుకే ఈ మాటకు అంత బలం. కానీ వేగం రెట్టింపవడమన్నది శుద్ధ అబద్ధం.

పడవ కదిలితే ముందొక అల, వెనకొక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ ఆ అలల మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరం పడవ పొడవంత అయ్యేసరికి పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది. అక్కణ్ణుంచి ఇంజను ఎంత తోసినా వెనక భాగం నీళ్ళలోకి దిగుతుంది, ముక్కు లేస్తుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది. వేగం మాత్రం పెద్దగా పెరగదు. ఈ హద్దును తేలిగ్గా లెక్క కట్టొచ్చు: నీటిని తాకే పొడవు అడుగుల్లో ఎంతో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. 25 అడుగులకు అది 6.7 నాట్లు, అంటే గంటకు సుమారు 12.4 కిలోమీటర్లు. స్పీడ్‌బోటు దూసుకుపోవడం చూపించి వాదించేవాళ్ళున్నారు. దాని అడుగు చదును, బరువు తక్కువ, కాబట్టి నీటి మీదికి లేచి జారుతుంది. తడి వల, ఐసు, అయిదుగురు మనుషులు, పైన చేప. ఇంత బరువుతో ఉన్న తెప్ప అలా లేవదు.

పోనీ, ఆ హద్దుకు లోపలైనా లాభముందా? వేగం పెరిగితే దానికి కావలసిన శక్తి ఘనం లెక్కన పెరుగుతుంది. ఇంజను శక్తిని రెండింతలు చేస్తే వేగం పెరిగేది మహా అయితే నాలుగో వంతు. తిప్పి చూస్తే ఈ లెక్కే మనకు పనికొస్తుంది. వేగాన్ని పదో వంతు తగ్గించండి, అదే దూరానికి ఇంధనం దాదాపు ఐదో వంతు మిగులుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఆనాటి మద్రాసు నుంచి పనిచేసిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్‌లో నౌకా రూపశిల్పి ఓయ్వింద్ గుల్‌బ్రాండ్‌సెన్ చిన్న వేటపడవల ఇంధన ఖర్చు తగ్గించడం గురించి 1986లోనే పుస్తకం రాశాడు. అందులో చెప్పిన మొదటి మందు నెమ్మదిగా నడపడమే. ఇన్నేళ్ళ తర్వాత కూడా అమ్మేవాడి నోట వినిపించేది హెచ్‌పీ ఒక్కటే!

ఇక వెనక పలక సంగతి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చాలా ఫైబర్ పడవల్లో ఇంజను తగిలించే పలక నిండా ఫైబర్ కాదు, లోపల ప్లైవుడ్ ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల్లోంచి ఏళ్ళ తరబడి నీరు దిగి ఆ చెక్క కుళ్ళుతుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. చిన్న ఇంజను తోపును అది ఎలాగో ఓర్చుకుంటుంది. పెద్ద ఇంజను బరువు, తోపు, అల మీద పడ్డప్పటి కుదుపు కలిస్తే ఓర్చుకోలేదు. పైగా నాలుగు స్ట్రోకుల ఇంజను అదే హెచ్‌పీ ఉన్న రెండు స్ట్రోకులదాని కంటే బరువెక్కువ. కాబట్టి ఇంజనుకు అడ్వాన్సు ఇచ్చే ముందే సుత్తితో పలకంతా మెల్లగా కొట్టి వినండి. గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్ళిన చోట మొద్దు చప్పుడు వస్తుంది. అనుమానముంటే లోపలివైపు నుంచి సన్నని రంధ్రం వేయించండి. నల్లగా, తడిగా పొట్టు వస్తే ముందు పలక మార్చండి, ఆ తర్వాతే ఇంజను. పాత రంధ్రాలను ఎపాక్సీతో నింపి, కొత్త రంధ్రాలు వేయించి, స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించాలి. బిగింపు మరలను మాత్రమే నమ్మితే ఇంజను ఏదో ఒకరోజు నీళ్ళపాలవుతుంది.

"మరి మొగ దాటేటప్పుడు? ఇసుక మేట మీద అలలు విరుగుతుంటే బలం అక్కర్లేదా?" అని అడుగుతారు. భైరవపాలెం దగ్గరైనా, అంతర్వేది దగ్గరైనా పోటు తీస్తున్న వేళ మొగ దాటిన ఎవరికైనా ఆ భయం తెలుసు. అక్కడ కావలసింది తోపు. తోపు హెచ్‌పీ మీద ఎంత ఆధారపడుతుందో పంకా మీదా అంతే ఆధారపడుతుంది. ఇంజనుతో పాటు వచ్చే పంకా చాలాసార్లు తేలికపాటి పడవలకు సరిపోయే పిచ్‌తో ఉంటుంది. బరువైన తెప్పకు దాన్నే తగిలిస్తే ఫుల్ థ్రాటిల్‌లో కూడా ఇంజను మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎం అందుకోలేక మూలుగుతుంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం 150 నుంచి 200 దాకా పెరుగుతుంది. లోడుతో నడిపి చూసి పంకా మార్చుకోండి. దానికయ్యే ఖర్చు పెద్ద ఇంజను ధరలో చిన్న భాగం.

షాఫ్టు పొడవు కొలవకుండా ఇంజను కొనడం మరో తప్పు. 15 అంగుళాలదీ 20 అంగుళాలదీ ఒకటి కాదు. పలక ఎత్తుకు తగ్గది కాకపోతే పంకా గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది, లేదా అనవసరంగా లోతుకు దిగి నీటిని ఈడుస్తుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇంజన్లను తినేస్తోందన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. నిజం చెప్పాలంటే అందులో సగానికి పైగా వాస్తవమే. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు. చాలా అవుట్‌బోర్డు కంపెనీల మాన్యువల్స్ 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. తేమ మితిమీరితే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. రెండు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోల్లో కలిపిన ఆయిలు పైనే ఉండిపోతుంది, అడుగునున్నది ఇంజనులోకి పోతుంది. ఆయిలు లేని ఇంజను పట్టేస్తుంది. దీనికి విరుగుడు మన చేతిలోనే ఉంది. పెట్రోలు వారాల తరబడి నిల్వ పెట్టకండి. నీటిని వేరుచేసే ఫిల్టరు బిగించండి. పాత రబ్బరు గొట్టాలు మార్చండి. వేట నిషేధం మొదలయ్యే రోజున ట్యాంకు, కార్బురేటరు పూర్తిగా ఖాళీ చేయండి.

మిగతావాటికి ఇంత చర్చ అనవసరం. ఆయిలు ఎక్కువ కలిపితే ఇంజను ఎక్కువ కాలం వస్తుందా? రాదు, ప్లగ్గులు పాడవుతాయి. మాన్యువల్ లీటరుకు 20 మిల్లీలీటర్లంటే అంతే. బైకు ఆయిలు సరిపోతుందా? సరిపోదు, నీటితో చల్లబడే ఇంజనుకు టీసీ-డబ్ల్యూ3 గుర్తున్న ఆయిలే పోయాలి. ఉప్పునీటికి చేసిన ఇంజనును మంచినీటితో కడగక్కర్లేదా? ప్రతి వేట తర్వాతా కడగాలి. వరదల వేళ ఎర్రనీటిలో పులస వేటకు తిప్పే ఇంజనైతే నీటి పంపు రబ్బరు చక్రాన్ని ఏటా మార్చాలి, ఒండ్రు దాన్ని అరగదీస్తుంది. అందంగా ఉంటుందని జింకు ముక్కకు రంగు వేయొచ్చా? వేస్తే అది పనిచేయదు, ఉప్పు ఇంజను అల్యూమినియాన్నే తింటుంది.

ఇంజను మారాక కొత్త ఇంజను నంబరు, హెచ్‌పీ మత్స్యశాఖ రికార్డుల్లో ఎక్కించుకోండి. కాగితంలో ఒక ఇంజను, తెప్ప మీద ఇంకొకటి ఉంటే సాయం అడిగే రోజున మీరే ఇబ్బంది పడతారు.

చివరిగా ఒక ప్రార్థన. కొత్త ఇంజనుతో పాటు ఒక చుట్టల తాడు వస్తుంది. నడిపేవాడు నీళ్ళలో పడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. అడ్డమని దాన్ని ఇంజనుకే చుట్టి వదిలేస్తున్నారు. మనిషి పడ్డాక ఆగని తెప్ప గుండ్రంగా తిరిగి అతని మీదికే రావచ్చు. అన్నా, ఆ తాడు మీ మణికట్టుకు కట్టుకోండి, మీ తర్వాత నడిపే పిల్లాడి చేతికీ కట్టండి.