వన్యప్రాణుల వార్తలతో ఇంగ్లీషు పదసంపద

ఇంగ్లీషు పత్రిక చేతికి తీసుకోగానే మొదటి పేరాలోనే నాలుగు తెలియని మాటలు తగిలి, దాన్ని పక్కన పెట్టేసిన అనుభవం మీలో చాలామందికి ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో ఇంగ్లీషు పేపరు రాయవలసిన విద్యార్థికి ఇది చిన్న చిక్కు కాదు. రోజుకు పది మాటలు బట్టీ పడితే వారం తిరిగేసరికి ఏడెనిమిది మరచిపోతాం. మాట ఏ సందర్భంలో వచ్చిందో తెలిస్తేనే అది నిలుస్తుంది.

అందుకు వన్యప్రాణుల వార్తలు బాగా పనికివస్తాయి. వాటిలోని సంగతి మనకు ముందే కొంత తెలిసి ఉంటుంది. చందర్లపాడు వైపు పత్తి, మిరప సాగుచేసే ఇంట్లో పుట్టినవారికి చేనులో అడవిపందులు పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. 'వైల్డ్ బోర్', 'క్రాప్ డ్యామేజ్', 'కాంపెన్సేషన్' అనే మాటలు ఒకే వార్తలో కనిపిస్తే, మూడోది నష్టపరిహారమని నిఘంటువు తెరవకుండానే ఊహించగలరు. కాబట్టి ముందు వార్తను తెలుగు పత్రికలో చదవండి. తరువాత అదే వార్తను ఇంగ్లీషులో చదివి, తెలియని మాటల కింద గీత పెట్టండి. అర్థం ఊహించి రాసుకున్న తరువాతే నిఘంటువు చూడండి.

మొదట శీర్షికలతో జాగ్రత్త. 'లెపర్డ్ స్ట్రేస్ ఇంటు విలేజ్' అన్న శీర్షికలో క్రియ వర్తమానంలో ఉన్నా, సంగతి నిన్నటిది. 'లెపర్డ్ ట్రాప్డ్' అన్నప్పుడు మధ్యలో ఉండవలసిన 'వాజ్' ఎగిరిపోయింది. చిరుత ఎవరినో పట్టుకోలేదు, చిరుతే పట్టుబడింది. 'స్ట్రే' అంటే దారితప్పి రావడం. వీధికుక్కను 'స్ట్రే డాగ్' అంటారు కదా, ఆ మాటే ఇది.

2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి మరణించింది. ఆ రోజుల్లో వార్తల్లో 'కేజ్', 'కెమెరా ట్రాప్' అనే రెండు మాటలు పక్కపక్కనే వచ్చేవి. మొదటిది బోను. రెండోదాన్ని కూడా ఉచ్చు అనుకుంటే పొరపాటే. అది జంతువు ఎదురుగా కదిలినప్పుడు ఫోటో తీసే పరికరం, దేన్నీ పట్టదు. అలాగే 'సైటెడ్' అంటే కంటపడింది, 'అటాక్డ్' అంటే దాడిచేసింది, 'మాల్డ్' అంటే పంజాతో, పళ్లతో చీల్చి గాయపరిచింది. ఈ మూడింటికీ మధ్య తేడా తెలియకపోతే, చిరుత కనిపించిందన్న వార్త చదివి అది మనిషిని గాయపరిచిందని ఊరంతా చెప్పేస్తాం. (తెలుగులో రాస్తే 'మాల్' దుకాణాల సముదాయంలాగే ఉంటుంది. ఇంగ్లీషులో దీని అక్షరాలు ఎం, ఏ, యు, ఎల్.)

జవాబు పత్రాల్లో తరచుగా కనిపించే మరో తప్పు 'ఎండేంజర్డ్', 'డేంజరస్' అనే మాటలను కలిపేయడం. రెండింటిలోనూ 'డేంజర్' ఉంది. కానీ డేంజరస్ అంటే మనకు ప్రమాదం తెచ్చేది, ఎండేంజర్డ్ అంటే తానే ప్రమాదంలో పడినది. కలివికోడిని తీసుకోండి. ఇంగ్లీషులో దీని పేరు జెర్డాన్స్ కోర్సర్. పొదల మధ్య రాత్రిపూట తిరిగే ఈ చిన్న పక్షి ఎవరికీ హాని చేయదు. 1900 తరువాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దీని గురించి చదివినప్పుడు 'ప్రిజ్యూమ్డ్ ఎక్స్‌టింక్ట్' అనే మాటల జంట చూస్తారు. 'ఎక్స్‌టింక్ట్' అంటే అంతరించినది. ముందున్న 'ప్రిజ్యూమ్డ్' అంటే అలా భావించారని మాత్రమే. ఆ ఒక్క మాట వదిలేసి అనువదిస్తే, చచ్చిపోయిన పక్షి 1986లో లేచి వచ్చినట్టవుతుంది. 'రీడిస్కవర్డ్' అంటే మళ్లీ కనుగొన్నారు. రాత్రి తిరిగేదాన్ని 'నాక్టర్నల్' అంటారు. ఇప్పుడు ఈ పక్షి 'క్రిటికల్లీ ఎండేంజర్డ్', అంటే అంతరించే అంచున ఉంది.

ఒక్కోసారి గందరగోళం తెలుగు వైపునుంచే వస్తుంది. మన చిరుత ఇంగ్లీషులో 'లెపర్డ్'. 'చీటా' వేరే జంతువు. అది మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు. వాటినీ చిరుతలని రాస్తే, అనువాదంలో మీ వాక్యం తిరుమల కొండల్లోని జంతువును ఆఫ్రికాకు పంపేస్తుంది.

అన్ని మాటలూ అక్కడినుంచి ఇక్కడికి వచ్చినవే అనుకోకండి. ధాన్యపు గాదెల కింద బొరియలు తవ్వే పందికొక్కు పేరే ఇంగ్లీషులోకి 'బ్యాండికూట్' అయి వెళ్లింది. ఆస్ట్రేలియాలో అదే పేరు మరో జాతి జంతువుకు పెట్టారు. పులి అడుగుజాడను 'పగ్ మార్క్' అంటారు. అందులో 'పగ్' హిందీ మాట.

ఇప్పుడు మీ పని. చందర్లపాడు పక్కగా పారే కృష్ణ చివరికి సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి. అక్కడి కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో చేపలు పట్టి తినే బావురుపిల్లి ఉంది. ఇంగ్లీషులో 'ఫిషింగ్ క్యాట్'. దాని గురించిన ఒక ఇంగ్లీషు వార్త సంపాదించి, అందులో 'మాంగ్రోవ్', 'హ్యాబిటాట్', 'ప్రే' అనే మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో గుర్తించండి. చివరి మాట అర్థం రాసేముందు అక్షరాలు సరిచూసుకోండి: చివర 'వై' ముందు 'ఈ' ఉంటే వేటకు గురయ్యే ప్రాణి, 'ఏ' ఉంటే ప్రార్థన.