వాంతుల బిళ్ళ: వాడవలసిన తీరు

వాంతులతో నీరసించిన ఇరువదియేండ్ల యువతి మందుల దుకాణమునుండి బిళ్ళలు తెప్పించుకొని ఒకటి మ్రింగినది. వాంతులు నిలిచినవి గాని కడుపులో త్రిప్పుట పోలేదు. మరునాడు రెండేసి గంటలకొకటి చొప్పున మఱి మూడు మ్రింగినది. ఆ సాయంకాలమునకు మెడ ఒక ప్రక్కకు మెలిదిరిగిపోయినది. దవడలు బిగిసినవి. కనుగ్రుడ్లు పైకి నిలిచిపోయినవి. తెలివి మాత్రము తప్పలేదు. చుట్టునున్నవారు పలుకు ప్రతి మాటయు ఆమెకు వినబడుచునే యున్నది. ఇంటివారిలో ఒకరు మూర్ఛ యనిరి, ఒకరు ధనుర్వాత మనిరి, పెద్దలు గాలి సోకినదని వేపమండలు తెప్పించిరి.

ఆసుపత్రులలో అత్యవసర విభాగములవారికి ఇట్టి దృశ్యము క్రొత్త కాదు. ఇది గాలియు కాదు, దయ్యమును కాదు. మెటోక్లోప్రమైడ్ అను మందు కొందఱి దేహమునకు పడకపోవుటచే కలుగు వికటము. సకాలమున గుర్తించినచో దీనికి చికిత్స మిక్కిలి సులభము.

ఈ మందు 1964లో ఫ్రాన్సు దేశమున వెలుగులోనికి వచ్చినది. మెదడు అడుగుభాగమున వాంతిని ప్రేరేపించు స్థానమొకటి కలదు; రక్తములో చేరిన విషపదార్థముల జాడను అది కనిపెట్టును. అచట వార్తను మోయు రసాయనములలో డోపమిన్ ఒకటి. మెటోక్లోప్రమైడ్ ఆ డోపమిన్ పనిని అడ్డగించి వాంతిని ఆపును. జీర్ణాశయములోని ఆహారము త్వరగా క్రిందికి దిగునట్లును చేయును. ఇంతవరకు మేలే. కాని మెదడులో వేఱొకచోట అదే డోపమిన్ కండరముల కదలికను అదుపులో నుంచుచుండును. మందు అచటికిని చేరును. అదుపు చెడగా మెడ, దవడ, నాలుక, కన్నులు తమంత తామే మెలిపడును.

ఈ వికటము పిల్లలలోను, ముప్పది యేండ్లలోపు వారిలోను ఎక్కువ. సాధారణముగా మందు మొదలిడిన 24 నుండి 48 గంటలలోపల కనబడును. మోతాదు మించినచో ముప్పు హెచ్చును. సరియైన మోతాదులోను, ఒక్క సూదిమందుతోను వచ్చుట కలదు. అట్టి సమయమున నోటిలో చెంచా దూర్చుట, నీరు పోయుట, మెడను బలవంతముగా త్రిప్పుట కూడదు. మందు ఆపి రోగిని వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మ్రింగిన బిళ్ళల అట్టను వెంట తీసికొనిపోవుట మఱవరాదు. వైద్యుడు రోగమును పోల్చుకొనుటకు అదియే పెద్ద ఆధారము. ప్రోమెథజీన్ వంటి మందు సూది ద్వారా ఇచ్చినచో కొన్ని నిమిషములలోనే బిగువు సడలును. ఊపిరి తీయునప్పుడు గుఱక వంటి శబ్దము వచ్చుచున్నచో గొంతు కండరములు బిగిసినవని తలచి క్షణమైనను ఆలసింపరాదు. ఒకసారి ఇట్లయినవారు ఆ మందు పేరు వ్రాసి యుంచుకొని, అటుపై ఏ వైద్యుని చూచినను ముందుగా చెప్పవలెను.

పెద్దలకు వైద్యులు వ్రాయు మోతాదు సాధారణముగా 10 మిల్లీగ్రాములు, దినమునకు మూడుసార్లకు మించకుండ. శరీరపు బరువు తక్కువయైనవారికి, మూత్రపిండములు చెడినవారికి ఇంతకంటె తగ్గింతురు. రెండు మోతాదుల నడుమ ఆరు గంటలైనను ఎడముండవలెను. మ్రింగిన బిళ్ళ వాంతితో పోయినదని వెంటనే మఱియొకటి వేసికొనుట పెక్కురు చేయు పొరపాటు. అప్పుడును ఆరు గంటలు ఆగవలసినదే. అయిదు దినములకు మించి వాడరాదని ఐరోపా ఔషధ సంస్థ 2013లో సూచించినది. నెలల తరబడి వాడినవారిలో, ముఖ్యముగా వృద్ధులలో, పెదవులు, నాలుక, ముఖము ఎడతెగక కదలుచుండు రోగము ఏర్పడుట కలదు. మందు మానినను ఒక్కొక్కప్పుడు అది మానదు. ఈ కారణముననే 2009లో అమెరికా ప్రభుత్వము మందు పత్రముపై కఠినమైన హెచ్చరిక ముద్రింపజేసినది. పాతచీటీ చూపి మరల మరల కొనువారు దీనిని గమనింపవలెను.

ఒక యేడు నిండని శిశువులకు ఈ మందు ఈయనే కూడదు. ప్రేగు అడ్డుపడినవారు, కడుపులో రక్తము స్రవించుచున్నవారు, మూర్ఛరోగులు, కంపవాతము గలవారు వాడరాదు. మానసిక వ్యాధులకు మందులు తినుచున్నవారు ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను. మందు మగత కలిగించును గనుక వాహనము నడుపుట, మద్యము సేవించుట తగదు. వేవిళ్ళు మితిమీరిన గర్భిణులకు వైద్యులు దీనిని ఇచ్చుట కలదు. పొరుగింటి బిళ్ళ అడిగి తెచ్చుకొనుట మాత్రము వేఱు సంగతి. దీనికి బదులు దుకాణదారుడు డోంపెరిడోన్ ఇచ్చినచో నిశ్చింత యనుకొనరాదు. అది మెడను మెలిపెట్టుట అరుదే గాని గుండె లయను చెఱుపగలదు.

వాంతి వ్యాధి కాదు, వ్యాధికి గుర్తు. ఆకుపచ్చని వాంతి, రక్తముతో కూడిన వాంతి, పొట్ట ఉబ్బి విడువని నొప్పి, తలకు దెబ్బ తగిలిన పిదప వాంతి, పురుగుమందు తగిలిన లేక లోపలికి పోయిన అనుమానము—వీనిలో ఏది యున్నను బిళ్ళతో కప్పిపుచ్చక ఆసుపత్రికి పోవలెను.

అతిసారముతో కూడిన వాంతులలో ప్రాణము తీయునది చాలవరకు నీటి నష్టమే. కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ కలరా రోగులకు ముందు వాంతి నాపు మందిచ్చి, పిదప ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి కోలుకొనజేసిన వృత్తాంతమును 1953లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. నేడు ఓఆర్ఎస్ పొట్లము ఊరూర దొరకును. పొట్లముపై వ్రాసిన కొలత ప్రకారము కాచి చల్లార్చిన నీటిలో మొత్తము పొడిని కలుపవలెను. సగము పొడి, సగము నీరు అను లెక్క పనికిరాదు. బిడ్డ వాంతి చేసికొన్నచో పది నిమిషములు ఆగి, రెండు మూడు నిమిషములకు ఒక్కొక్క చెంచా చొప్పున మరల మొదలుపెట్టవలెను. తల్లిపాలు మాన్పరాదు. కలిపిన నీరు 24 గంటలు గడచినచో పారబోసి క్రొత్తది కలుపుకొనవలెను.