చూపును బట్టి తీర్పు

నూలు కొనబోయిన నేతగాడు దుకాణపు దీపము క్రింద చిలపను చూచి డబ్బు చేతిలో పెట్టడు. వీధిలోనికి తెచ్చి, పగటి వెలుతురున రెండు వైపుల త్రిప్పి చూచి, పోగును వ్రేలికి చుట్టి లాగి, అటుపిమ్మటనే బేరమాడును. దీపము క్రింద ఒకటిగా కనబడిన రెండు రంగులు ఎండలో వేరు వేరుగా తేలుట మన వృత్తిలో పిల్లలకును తెలిసిన సంగతియే. నూలును ఇంత జాగ్రత్తగా చూచు మనము, మనుష్యులను, ఇండ్లను, వాడలను చూచునపుడు అంత జాగ్రత్త చూపుచున్నామా? ఈ ప్రశ్న ప్రతి కుటుంబమును వేసికొనవలసినది.

మనిషి తనకు కనబడినదానిని బట్టి నిశ్చయించును. నిశ్చయించినదానిని బట్టి నడచును. ఆ నడకను బట్టియే సంసారమైనను, సంఘమైనను బాగుపడుట గాని చెడుట గాని జరుగును. చూపులో లోపమున్నచో బుద్ధి ఎంత గొప్పదైనను తీర్పు వంకర పోవును. పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని పెద్దలు ఊరక అనలేదు.

ప్రక్క రంగు చేసిన మాయ

ఇందుకు మన వృత్తిలోనిదే ఒక గొప్ప ఉదాహరణ కలదు. ఫ్రాన్సు దేశములో పారిస్ నగరమున గోబెలాన్ అను ప్రసిద్ధమైన చిత్రవస్త్రముల కార్ఖానా ఉన్నది. అక్కడి రంగుల శాఖకు 1824లో మిషెల్ షెవ్రెల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు అధికారిగా వచ్చినాడు. వచ్చీరాగానే నేతగాండ్ర ఫిర్యాదు ఆయన ముందుకు వచ్చినది. అద్దకమువారిచ్చు నల్లనూలులో నలుపు చాలదనియు, నీలి, ఊదా రంగుల బట్టలలో నీడలు తీర్చుటకు దానిని వాడినపుడు వెలవెలబోవుచున్నదనియు వారి మొర. ఇట్టి ఫిర్యాదు వచ్చినపుడు అద్దకమువానిని పిలిచి మందలించుట లోకములో ఎక్కడనైనను జరుగు పని.

షెవ్రెల్ అట్లు చేయలేదు. తమ నల్లనూలును ఇతర కార్ఖానాలలో అద్దిన నల్లనూలుతో పోల్చి చూచినాడు. అద్దకములో లోపము కనబడలేదు. నలుపు తగ్గినట్లు కనబడుటకు కారణము దాని ప్రక్కనున్న నీలము, ఊదా రంగులు! ఒక రంగు ప్రక్కన మరియొక రంగు చేరినపుడు కంటికి రెండును మారి కనబడునని ఆయన పరీక్షల మీద తేల్చి, 1839లో దానిని గొప్ప గ్రంథముగా ప్రకటించినాడు. ఎరుపు ప్రక్కన ఆకుపచ్చ పేట వేసినచో రెండును కళకళలాడుట మన చీరల అంచులలో మనము నిత్యము చూచునదే గదా!

ఇందులో మనము నేర్వవలసిన నీతి ఒక్కటే. తప్పు నూలులో ఉన్నదా, ప్రక్క రంగులో ఉన్నదా, చూచు కంటిలో ఉన్నదా అని తేల్చుకొనక ముందు ఎవరిని గాని మందలింపరాదు.

వాడ మీద పడిన రంగు

ఇదే మాయ మన కామాఠిపుర విషయములోను జరిగినది.

ఈ వాడ ఒకప్పుడు బొంబాయి దీవుల నడుమ సముద్రపు నీరు చొచ్చుకొనివచ్చెడి పల్లపు నేల. 18వ శతాబ్ది చివరి భాగమున, గవర్నరు హార్న్‌బీ పేరిట నేటికిని వ్యవహరింపబడు వెల్లార్డు గట్టు కట్టిన పిమ్మట ఆ నేల క్రమముగా ఆరి నివాసయోగ్యమైనది. ఆ కాలముననే నిజాము రాజ్యము నుండి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు ఇక్కడ స్థిరపడినారు. వారిని బొంబాయివారు కామాఠీలనినారు. వారి పేరే వాడకు పేరైనది. రాళ్ళు మోసి, సున్నము కలిపి, గోడలెత్తి ఈ నగరమును కట్టినవారి పేరది.

పిమ్మట బట్టల మిల్లులు వచ్చినవి. 1854లో కావస్‌జీ దావర్ స్థాపించిన మొదటి నూలు మిల్లు కామాఠిపురకు దగ్గరనే, తార్‌దేవ్‌లో వెలసినది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతముల నుండి మన పద్మశాలి కుటుంబములు వచ్చి మిల్లుల సాంచాల మీద పనికి కుదిరినవి. మగవారు మిల్లుకు పోగా ఆడవారు ఇంట బీడీలు చుట్టి సంసారములను నిలబెట్టినారు.

ఇంతటి చరిత్ర గల వాడలో కొన్ని వీధులయందు బ్రిటిషు పాలన కాలమున వేశ్యావాటికలు పోగుపడినవి. ఆ కొన్ని వీధుల రంగు వాడ మొత్తమునకు అంటినది. కామాఠిపుర అనగానే నగరమునకు తక్కిన గల్లీలు కనబడుట మానినవి. బీడీల చాట, బతుకమ్మ పేర్చు ఆడబిడ్డ, తెలుగు మీడియము మున్సిపలు బడికి పోవు పిల్లవాడు, వీరెవరును ఆ చూపునకు ఆనలేదు. 2022లో గంగూబాయి కాఠియావాడి అను చలనచిత్రము వచ్చినపుడు తమ వాడ పేరు చెడుచున్నదని ఇక్కడివారి పక్షమున బొంబాయి హైకోర్టులో వ్యాజ్యము నడచినది. కోర్టు అందుకు సమ్మతింపలేదు. ఆ సంవత్సరము ఫిబ్రవరి 25న చిత్రము విడుదలైనది.

గుమ్మడికాయల దొంగ సామెత

ఇతరుల చూపు సంగతి అట్లుండనిండు. మన చూపు ఎట్లున్నది?

వియ్యమందబోవునపుడు, ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయునపుడు మనలో అనేకులు కామాఠిపుర అను మాటను మ్రింగి గ్రాంట్ రోడ్ అని చెప్పుకొనుట ఎరుగనివారు లేరు. గ్రాంట్ రోడ్ అనునది 1835 నుండి 1838 వరకు బొంబాయి గవర్నరుగా నుండిన రాబర్ట్ గ్రాంట్ పేరు. మన తాతల పేరును దాచి దొరవారి పేరు చెప్పుకొనుచున్నామన్నమాట! గుమ్మడికాయల దొంగ ఎవరనిన భుజములు తడుముకొన్నట్లు, ఏ తప్పును చేయని మనము తల వంచుకొనుచున్నాము. పిల్లకు మంచి సంబంధము తప్పిపోవునేమో అన్న భయము తల్లిదండ్రులకు ఉండుట సహజమే. దానిని తేలికగా కొట్టిపారవేయలేము. కాని తండ్రి దాచుట చూచిన కొడుకు తన వాడను తానే చిన్నచూపు చూచుట నేర్చుకొనును. తన వాడను చిన్నచూపు చూచువాడు క్రమముగా తన వారిని, తన భాషను, తన వృత్తిని గూడ అట్లే చూచును.

మరియొక సంగతి ఉన్నది. ఇది చేదుగా నుండును గాని చెప్పక తప్పదు. నగరము మనలను ఒక్క చూపుతో తూచినదని నొచ్చుకొను మనము, ఆ వీధులలోని స్త్రీలను ఏ చూపుతో చూచినాము? వారిలో అనేకులు పేదరికము వలన, మోసము వలన ఆ గడపలకు చేరినవారే. వారును ఏదో ఒక ఊరి ఆడబిడ్డలే. వారి బిడ్డలు మన బిడ్డల ప్రక్కనే బడిలో కూర్చుండువారే. మనకు జరిగిన అన్యాయమునే మనము వారికి చేయుట న్యాయము కాదు. చూపు సరిచేసికొనుట అన్నది ఇక్కడ నుండియే మొదలు కావలెను.

నాయకుడు చూడవలసినది

సంఘములను నడుపువారికి చూపు మరింత అవసరము. 19వ శతాబ్దిలో మిల్లు కార్మికునకు వారపు సెలవు లేదు. పని మీద కునికిన మనిషి యజమాని కంటికి సోమరిగా కనబడినాడు. మిల్లులో ఉద్యోగము చేసి లోపలి సంగతి ఎరిగిన నారాయణ్ మేఘాజీ లోఖండేకు అదే మనిషి అలసినవాడుగా కనబడినాడు. మనిషి ఒక్కడే. చూచినవారు ఇద్దరు. ఆయన 1884లో కార్మికులను సమావేశపరచి వారి సంఘమును స్థాపించినాడు. ఆరు సంవత్సరములు పట్టు విడువక పనిచేయగా, 1890 జూన్ 10న మిల్లు యజమానుల సంఘమువారు ఆదివారము సెలవునకు ఒప్పుకొనినారు.

ఈ లోఖండే మహాత్మ జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు చెందినవాడు. ఆ సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో మన తెలుగు కంట్రాక్టర్లు కలరు. జాయా కరాడి లింగు, వెంకు బాలాజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు మున్నగువారి పేర్లు ఆ చరిత్రలో నిలిచినవి. తమకు కలిమి వచ్చిన పిమ్మట, క్రిందనున్నవారిని కూలీలుగా గాక మనుష్యులుగా చూచిన పెద్దలు వారు. కామాఠీ అను పేరు వినగానే మన పిల్లలకు ముందుగా గుర్తుకు రావలసినది ఈ పెద్దలు.

నేటి మన సంఘ పెద్దలకు ఇందులో ఒక సూచన కలదు. సమావేశమునకు రానివానిని ఐకమత్యము లేనివాడని తీర్మానించుటకు ముందు, ఆ వేళకు అతడు పనిలో నున్నాడేమో విచారింపవలెను. చందా ఇయ్యని ఇంటిని పిసినారి ఇల్లనుటకు ముందు ఆ ఇంట పొయ్యి వెలుగుచున్నదో లేదో చూడవలెను.

ఇంటిలో కనబడని పని

నేతగాడు అనగానే అందరి మనస్సునకు తోచునది మగ్గము మీద కూర్చున్న మగవాడు. కాని 2019–20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము, దేశములోని 35 లక్షలకు పైగా గల చేనేత పనివారిలో నూటికి 72 మంది స్త్రీలే. కండెలు చుట్టుట, ఆసు పోయుట మున్నగు పనులను మనము పని అనక సాయము అనుచున్నాము. సాయము అని పిలుచుట వలన దానికి కూలి లేదు, లెక్క లేదు.

ఈ చూపును మార్చుకొనిన ఒక బిడ్డ కథ అందరును ఎరుగవలసినది. ఆలేరు దగ్గర శార్జీపేట గ్రామములో చింతకింది మల్లేశము తల్లి ఆసు పోయుచుండెడిది. ఒక్క పోచంపల్లి చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటునిటు ఆడవలెను. భుజము పీకుట ఆడవారికి మామూలే అని ఊరంతయు అనుకొనుచుండగా, ఆ నొప్పి కొడుకునకు మామూలుగా కనబడలేదు. బడి చదువు మధ్యలోనే ఆగిన ఆ యువకుడు యంత్రము చేయబూనినాడు. అప్పులైనవి. జనులు వేళాకోళము చేసినారు. ఏండ్ల తరబడి శ్రమించి 1999లో యంత్రమును పూర్తి చేసి, తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టినాడు. గంటల తరబడి సాగెడి పని గంటన్నరకు దిగినది. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చినది. ఆయనను వెక్కిరించినవారి ఇండ్లలోను తల్లులు, నొప్పులు ఉన్నవి. ఆ నొప్పిని వారు చూడలేదు, అంతే భేదము.

చూపునకు గల హద్దు

ఇంతమాత్రమున చూపు మారిన సమస్తము మారునని చెప్పుట మోసము. 1982 జనవరి 18న బొంబాయి మిల్లులలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మె చేసినారు. తరువాత మిల్లులు ఒక్కటొక్కటిగా మూతపడినవి. ఆ కాలమున కుంగిన కుటుంబములకు ధైర్యవచనములతో కడుపు నిండలేదు. అయినను, మిల్లుతో పాటు అంతయు పోయినదని కూర్చున్నవానికిని, మిల్లు పోయినను చేతిలో పని ఉన్నదని తలచి భివండి సాంచాలకు పోయినవానికిని కొంత భేదము కలిగినది. చూపు ఆకలి తీర్చదు. తోవ చూపును. నడచుటకు కాళ్ళు, సాయపడుటకు సంఘము వేరుగా కావలెను.

నేడు కామాఠిపుర మరియొక మలుపు మీద ఉన్నది. పాత చాళ్ళను పడగొట్టి క్రొత్త భవనములు కట్టు పునర్నిర్మాణ కార్యక్రమమును ప్రభుత్వము మ్హాడా ద్వారా చేపట్టినది. ఇట్టి సమయమున మన ఇరుకు గదిని మనము ఎట్లు చూచెదమన్నది పెద్ద ప్రశ్న. పేరు చెడిన వాడలోని గది అని సిగ్గుపడువాడు, వచ్చినంతకు దానిని వదిలించుకొని పోవును. తాతలు చెమటోడ్చి సంపాదించిన హక్కు అని చూచువాడు కిరాయి రసీదులు, రేషను కార్డు, కరెంటు బిల్లులు, వారసత్వపు కాగితములు ఒక్కచోట భద్రపరచుకొని, తెలిసినవారిని సంప్రదించి, ఇంటిల్లిపాదిని అడిగి నిశ్చయించును. అమ్ముట తప్పని కాదు. సిగ్గుతో అమ్ముట తప్పు. తొందరలో సంతకము చేయుట అంతకన్న తప్పు.

కావున ప్రతి కుటుంబము ఈ మూడు పనులు చేయుట మంచిది. పిల్లలకు కామాఠిపుర పేరు ఎట్లు వచ్చినదో చెప్పవలెను. ఇంట ఆడవారు చేయు పనిని సాయమనక పని అని పిలిచి లెక్కలో వ్రాయవలెను. గది కాగితములను ఈ వారములోనే తీసి, ఉన్నవేవో లేనివేవో పగటి వెలుతురున చూచుకొనవలెను.