పులిని దగ్గరకు తెచ్చిన గొట్టం

టెలీఫొటో లెన్సు పొడవైన గొట్టంలా కనిపిస్తుంది కానీ, అది పుట్టింది పొడవు తగ్గించడానికే. ఒకే కుంభాకార కటకంతో 600 మిల్లీమీటర్ల నాభ్యంతరం కావాలంటే కటకానికీ ఫిల్ముకూ మధ్య 60 సెంటీమీటర్ల ఎడం ఉండి తీరాలి. వెనక పుటాకార కటకం చేరిస్తే, ముడుచుకొస్తున్న కిరణాలు కాస్త విచ్చుకుని బొమ్మ పెద్దదవుతుంది, గొట్టం పొట్టిగానే ఉంటుంది. 1891లో ఇంగ్లండులో థామస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథె ఎవరికి వారే ఈ అమరికను కెమెరాకు తొడిగారు.

అయితే తొలి టెలీఫొటోలకు వెలుతురు చాలేది కాదు. షిల్లింగ్స్ అనే జర్మన్ తూర్పు ఆఫ్రికాలో జంతువుల ఫొటోల కోసం పగలు వాటితో తంటాలుపడి, రాత్రిళ్లు ఫ్లాష్‌ను నమ్ముకున్నాడు. భారత అటవీ శాఖ అధికారి ఎఫ్. డబ్ల్యూ. చాంపియన్ 1920లలో ఇంకా తెలివైన దారి పట్టాడు. కాలిబాటకు అడ్డంగా తీగ కట్టి, పులి చేతనే దాని ఫొటో తీయించాడు!

తర్వాతి చిక్కు రంగులది. ఎరుపు, నీలం కిరణాలు ఒకేచోట కలవకపోవడంతో జింక కొమ్ము చుట్టూ రంగు అంచు పడేది. ఫ్లోరైట్ స్ఫటికం దీన్ని బాగా తగ్గిస్తుంది. కృత్రిమంగా పెంచిన ఆ స్ఫటికంతో కానన్ 1969లో 300 మి.మీ. లెన్సు తెచ్చింది. మరో చిక్కు చేతి వణుకు. దాన్ని పసిగట్టి లోపలి కటకాన్ని జరిపే ఏర్పాటు ఎస్‌ఎల్‌ఆర్ లెన్సుల్లోకి 1995లో వచ్చింది. ఇది ఆపేది ఫొటోగ్రాఫర్ వణుకునే, లేడి దూకుడును కాదు. దానికి షట్టర్ వేగమే శరణ్యం.

ఇక ఎంపిక. 40 మీటర్ల దూరాన పక్కకు తిరిగి నిలబడ్డ పులి ఒళ్లు 2 మీటర్లనుకుంటే, 600 లెన్సు 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్ మీద దాన్ని 30 మి.మీ. మేర చూపుతుంది. 200 లెన్సులో అది 10 మి.మీ. మాత్రమే. జంతువులు దూరంగా కనిపించే ఆఫ్రికాలోని మసాయి మారా మైదానాల్లో పెద్ద లెన్సు విలువ తెలుస్తుంది. అదే మహారాష్ట్రలోని తడోబా వెదురు అడవిలో పులి ఒక్కోసారి జీపు పక్కనే నడుస్తుంది. అప్పుడు 600 పెట్టుకున్నవారికి దక్కేది మీసాలే. మొదటిసారి వెళ్లేవారికి 100-400 జూమ్ మేలు. దుమ్ములో లెన్సు మార్చే పని తప్పుతుంది.

తెల్లవారుజామున మాత్రం ద్వారం పెద్దదైన ఎఫ్/4 లెన్సుకు సాటి లేదు. ఎఫ్/6.3 కన్నా రెండున్నర రెట్లు వెలుతురు పడుతుంది. దానికి మూల్యం బరువు. 600 ఎఫ్/4కు 150 మి.మీ. ద్వారం కావాలి, అంటే ముందు గాజు చిన్న పళ్లెమంత. కానన్ చేసిన అలాంటి లెన్సు 1999లో 5.36 కిలోలు తూగేది. గాజులను వెనక్కి జరిపి 2018కి 3.05 కిలోలకు దించారు. అయినా గంటసేపు చేత్తో పట్టుకోవడం కష్టమే. జీపులో ట్రైపాడ్‌కు చోటుండదు కనుక, గింజలు నింపిన సంచిని కిటికీ అంచున వేసి లెన్సు ఆనిస్తారు. ఇంజను ఆపకపోతే ఆ సంచీ అదురుతుంది.