స్పీడందుకున్నాక నీరసం!

స్టాండు మీద ఉన్నంతసేపూ సింహంలా గర్జిస్తుంది. ట్రాకెక్కి, టాప్‌ గేరులో యాక్సిలరేటర్‌ మొత్తం తిప్పగానే ఊపిరాడనట్టు మూలుగుతుంది. పిట్‌లోకి తెచ్చి మళ్లీ స్టార్ట్‌ చేస్తే... ఏ రోగమూ లేదు! రేసు బైకుల మెకానిక్కులకు నిద్ర పట్టనివ్వని జబ్బు ఇది. దాన్ని వాళ్లెలా పట్టుకుంటారో తెలుసా?

మద్రాసులో బైకు రేసులంటే ఒకప్పుడు శోలవరమే. రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీద బైకులు దూసుకెళ్తుంటే జనం విరగబడి చూసేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చింది. కాలం మారింది, బైకులూ మారాయి. కానీ 1985లో మన రోడ్ల మీదికొచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్‌ 100 మీద మోజు మాత్రం తగ్గలేదు. 98 సీసీ, 11 హార్స్‌పవర్‌ ఉన్న ఈ టూస్ట్రోక్‌ బండిని కుర్రాళ్లు రేసుకు తగ్గట్టు మార్చుకుంటూనే ఉన్నారు. మన కథకు అదే సరైన రోగి.

ముందు రోగిని అడగాలి

అనుభవమున్న మెకానిక్కు స్పానర్‌ పట్టుకోడు. రైడర్‌ని ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు. ‘పవర్‌ తగ్గినప్పుడు ఆర్‌పీఎం ముల్లు పడిపోయిందా, పైకి లేచిందా?’

ముల్లు పైకి లేచి, వేగం మాత్రం పెరగలేదంటే ఇంజిన్‌ తప్పేం లేదు. క్లచ్‌ ప్లేట్లు జారుతున్నాయన్నమాట. ముల్లూ వేగమూ కలిసి పడిపోతే అప్పుడు చూడాలి. అదీ ఇంజిన్‌ని విప్పడం కాదు, చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. బ్రేకు పట్టేస్తున్నా, చెయిన్‌ మరీ బిగుతుగా ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఈ రెండూ కాదని తేలాకే ఇంజిన్‌ వంతు.

నూనె డబ్బా సూత్రం

నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే ఏమవుతుంది? నూనె గుటకలు గుటకలుగా పడుతుంది. రెండో చిల్లు పెడితేనే ధార కడుతుంది. పెట్రోలు ట్యాంకూ అంతే. పెట్రోలు కిందికి దిగాలంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే ట్యాంకు మూతకు సన్నటి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో పెట్రోలున్నా ఇంజిన్‌కి కరవే.

మరి స్టాండు మీద ఎందుకు తెలియదు? చిన్న లెక్క చూద్దాం. 20 హార్స్‌పవర్‌ దాకా పెంచిన టూస్ట్రోక్‌ ఇంజిన్‌ పూర్తి వేగంలో నిమిషానికి దాదాపు 150 మిల్లీలీటర్ల పెట్రోలు తాగుతుంది. మూత రంధ్రమో, ఫిల్టరో మూసుకుపోయి 100 మిల్లీలీటర్లే వస్తోందనుకోండి. స్టాండు మీద అదే ఎక్కువ. ట్రాకు మీద కూడా మొదటి కొన్ని సెకన్లు కార్బురేటర్‌ గిన్నెలోని నిల్వతో గడిచిపోతుంది. ఆ గిన్నెలో పట్టేది టీ గ్లాసులో సగం కూడా ఉండదు. దాని మట్టం తగ్గగానే ఇంజిన్‌ డీలా పడుతుంది. రైడర్‌ వేగం తగ్గించి పిట్‌కి వచ్చేలోపు గిన్నె మళ్లీ నిండిపోతుంది. దొంగ దొరకడు!

దొంగని పట్టే ఉపాయాలూ ఉన్నాయి. పిట్‌కి రాగానే ట్యాంకు మూత తెరవాలి. ‘స్స్‌’ మని గాలి లోపలికి పీల్చుకుంటే రంధ్రం మూసుకుపోయినట్టే. లేదంటే పెట్రోలు పైపుని కొలత సీసాలో పెట్టి నిమిషానికి ఎంత పడుతోందో చూడాలి. ఖర్చు శూన్యం!

ప్లగ్గు చెప్పే సాక్ష్యం

పెట్రోలు ధార బాగానే ఉందా? అయితే సాక్షిని పిలవాలి. టాప్‌ గేరులో పూర్తి యాక్సిలరేటర్‌ మీద కొంతదూరం వెళ్లి, క్లచ్‌ నొక్కుతూనే ఇంజిన్‌ ఆపేయాలి. బండిని అలాగే దొర్లించుకుంటూ వచ్చి స్పార్క్‌ప్లగ్‌ విప్పి చూడాలి. మామూలుగా నడుపుకుంటూ వస్తే ఆ జాడలు చెరిగిపోతాయి. ఇలా ఆపితే ఆ వేగంలో లోపల ఏం జరిగిందో ప్లగ్గు మీద ఉన్నదున్నట్టు నిలిచిపోతుంది. లేత గోధుమరంగు ఉంటే ఆరోగ్యం. తడితడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. సున్నంలా తెల్లబడితే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది. ఇప్పటి సీసం లేని పెట్రోలుతో ఈ రంగులు అంత స్పష్టంగా రావు. అందుకే నిపుణులు ప్లగ్గులోని పింగాణీ అడుగున ఉండే మసి వలయాన్ని భూతద్దంతో చూస్తారు.

ఆ పింగాణీ మీద వెండిపొడిలాంటి మెరుపులు కనిపిస్తే? బండిని ఆ క్షణమే ఆపేయాలి. అది పిస్టన్‌ కరిగి రాలిన అల్యూమినియం!

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రేసు టూస్ట్రోకుల్లో సాధారణంగా ఆయిల్‌ని పెట్రోల్లోనే కలిపేస్తారు. పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. వేడి పెరుగుతుంది, జారుడు పోతుంది. పిస్టన్‌ ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తుంది. ఇంజిన్‌తో పాటే వెనక చక్రమూ బిగుసుకుపోతుంది. వంద కిలోమీటర్లు దాటిన వేగంలో అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. టూస్ట్రోక్‌ రేసర్ల వేళ్లు ఎప్పుడూ క్లచ్‌ మీదే ఉండేది అందుకే. పవర్‌ తగ్గడమంటే అది బండి చేసే ఆఖరి హెచ్చరిక.

వేడెక్కితేనే బయటపడేవి

ప్లగ్గు రంగు బాగుంటే అనుమానం ఇగ్నిషన్‌ మీదికి మళ్లుతుంది. 9,000 ఆర్‌పీఎం దగ్గర టూస్ట్రోక్‌ ఇంజిన్‌కి సెకనుకు 150 నిప్పురవ్వలు కావాలి. చల్లగా ఉన్నప్పుడు భేషుగ్గా పనిచేసే కాయిల్‌ వేడెక్కాక రవ్వలు ఎగ్గొట్టొచ్చు. అందుకే దాన్ని వేడిగా ఉన్నప్పుడే పరీక్షించాలి. క్రాంక్‌ ఆయిల్‌ సీళ్లు గట్టిపడి గాలి పీలుస్తున్నా, రింగులు అరిగి కంప్రెషన్‌ తగ్గినా పవర్‌ పోతుంది.

సైలెన్సర్‌నీ వదలకూడదు. తూర్పు జర్మనీ ఇంజినీరు వాల్టర్‌ కాడెన్‌ 1950ల్లో ఎంజెడ్‌ బైకుల మీద దాని మహిమ నిరూపించాడు. పొగగొట్టం ఉబ్బెత్తుగా ఉంటే, పొగతో పాటు పారిపోబోయే తాజా పెట్రోలు మిశ్రమాన్ని పీడన తరంగం మళ్లీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. అలా 1961 నాటికి 125 సీసీ నుంచే 25 హార్స్‌పవర్‌ రాబట్టాడు. ఆ గొట్టానికి సొట్ట పడినా, వెల్డింగ్‌ చీలినా, లోపల మసి పేరుకున్నా లెక్క తప్పుతుంది.

ఒక్కసారికి ఒక్కటే

ఇన్ని అనుమానాలున్నప్పుడు కంగారులో జెట్టూ, ప్లగ్గూ, కాయిలూ ఒకేసారి మార్చేస్తుంటారు కుర్రాళ్లు. బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్లీ జబ్బు చేస్తే మళ్లీ మొదటికే! పాతకాపులు ఒక్కసారికి ఒక్కటే మారుస్తారు. ఏ జెట్టు వేశారో, ఎండెంత ఉందో నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఎండకీ ఇంజిన్‌కీ సంబంధం ఉంది మరి. 40 డిగ్రీల మధ్యాహ్నం కంటే 25 డిగ్రీల ఉదయం గాలి 5 శాతం చిక్కగా ఉంటుంది. నిన్న మధ్యాహ్నం సరిపోయిన చిన్న జెట్టు, ఇవాళ పొద్దున పిస్టన్‌ని కాల్చేయొచ్చు.

ఇంజిన్‌ ఆపేసే ప్లగ్గు పరీక్షని మాత్రం రోడ్డు మీద చేయకండి. అది ట్రాకుకే పరిమితం. కానీ హైవే ఎక్కగానే మీ పాత బండి కూడా నీరసపడుతోందనుకోండి. బోరు చేయించాలంటూ షెడ్డుకి పరుగెత్తకుండా, ముందొకసారి పక్కన ఆపి ట్యాంకు మూత తెరిచి చూడండి. వేల రూపాయల జబ్బుకి గుండుసూదే మందు కావచ్చు!