ముల్లుకు చేరే మోత

కోనసీమ జిల్లా ఆలమూరు వైపు ఒక పాత మండువా ఇంట్లో పెద్దలు దాచిన ఘంటసాల భగవద్గీత ఎల్పీని దుమ్ము తుడిచి, కొత్త టర్న్‌టేబుల్ మీద పెట్టి, హోమ్ థియేటర్ సబ్‌వూఫర్‌కు కలిపారనుకుందాం. గొంతు కింద ‘బూఁ’ మని మోత పుడుతుంది. వాల్యూమ్ పెంచితే శ్లోకాన్నే మింగేస్తుంది. రికార్డు అరిగిందని పక్కన పడేయకండి. తప్పు దానిది కాదు.

గాడిలో ముల్లు కదలికను మైక్రాన్లలో కొలవాలి. ఆ కదలిక పాటదా, బల్ల అదురుదా అన్నది ముల్లును పట్టుకున్న కార్ట్రిడ్జికి తెలియదు. సబ్‌వూఫర్ నేలను, నేల బల్లను, బల్ల ముల్లును అదిరిస్తాయి. ముల్లు పంపిన సంకేతం మళ్ళీ సబ్‌వూఫర్‌కే చేరుతుంది. ఈ చుట్టులో ధ్వని తగ్గుతూ వస్తే మంద్రం కాస్త బురదగా వినిపించి ఊరుకుంటుంది. పెరుగుతూ పోతే ఊళే. పైగా ఎల్పీ చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి చెక్కుతారు కాబట్టి, వినేటప్పుడు ఫోనో ఆంప్లిఫయర్ 20 హెర్ట్జ్ దగ్గర వోల్టేజిని, 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే, 9 రెట్లు పెంచుతుంది. నేల అదురూ అంతే పెరుగుతుంది.

పరీక్ష సులువు. మోటారు ఆపి, కదలని రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ మెల్లగా పెంచండి. మోత మొదలైతే దోషం ఈ చుట్టుదే. వెంటనే తగ్గించేయండి.

చాలామంది ముందు రబ్బరు షీటు కోసం పరుగెడతారు. అక్కడే లెక్క తప్పుతుంది. మెత్తటి ఆధారం బరువుకు ఎంత కుంగిందన్నది చూడాలి. స్ప్రింగులా 1 సెంటీమీటరు కుంగితే దాని సహజ పౌనఃపున్యం 5 హెర్ట్జ్, 1 మిల్లీమీటరే కుంగితే దాదాపు 16. దానికి 1.4 రెట్లు దాటిన అదురునే ఆధారం ఆపగలదు. దగ్గర్లోని అదురును ఇంకా పెంచుతుంది. అంటే పల్చటి రబ్బరు 20 హెర్ట్జ్ మోతకు బలం పోస్తుంది. కోనసీమలో చేతికందే కొబ్బరిపీచు పట్టకూ ఇదే సూత్రం. 1961లో ఎడ్గార్ విల్చర్ తన ఏఆర్ కంపెనీ టర్న్‌టేబుల్‌లో పళ్ళేన్నీ ఆర్మ్‌నూ కలిపి మెత్తటి స్ప్రింగుల మీద నిలిపింది ఇందుకే.

నేనైతే ముందు చోటు మార్చమంటాను. గది మూలల్లో మంద్రం పేరుకుంటుంది, టర్న్‌టేబుల్ అక్కడ వద్దు. సబ్‌వూఫర్ ఉన్న బల్ల మీద అసలే వద్దు. చెక్క నేల ఉన్న మేడగది కన్నా కింది గచ్చు నేల నయం. మందపాటి ఇటుక గోడకు గట్టిగా బిగించిన పలక ఇంకా నయం.

ఒంపు తిరిగిన రికార్డుకు చోటు మార్చినా లాభం లేదు. ఎల్పీ సెకనుకు దాదాపు 0.56 చుట్లు తిరుగుతుంది. ఒంపు ఆ వేగంతో, దానికి కొన్ని రెట్ల వేగంతో ముల్లును ఎత్తి దించుతుంది. చెవికి వినపడకపోయినా సబ్‌వూఫర్ కోన్ కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. 20 హెర్ట్జ్ కిందిది కోసేసే సబ్‌సోనిక్ ఫిల్టర్ దీనికి మందు.

ఘంటసాల పుష్పవిలాపం లాంటి పాత 78 రికార్డులకు మోనో స్విచ్ వరం. వాటిలో పాటంతా ముల్లు పక్కలకు ఊగడంలోనే ఉంది. ఒంపు పుట్టించేది నిలువు కదలిక. మోనోలో అది కుడి ఎడమల మధ్య కొట్టేసుకుపోతుంది, పాట మిగులుతుంది. అయితే 78 గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్థం సుమారు 18 మైక్రాన్లు, 78కి దాదాపు 65 నుంచి 75 ఉండాలి. ఆ ముల్లు విడిగా కొనుక్కోవాలి.