వేపగింజయు వ్యవసాయ స్వాతంత్ర్యమును

మృగశిర కార్తెకు ముందువెనుకల బాన్సువాడ ప్రాంతపు గ్రామములలో నడచువారి పాదముల క్రింద పండిన వేపకాయలు చితుకుచుండును. గుడి అరుగులమీదను, బడి ఆవరణములయందును, పొలము గట్లమీదను రాలిన యా పండ్లను ఉదయముననే ఊడ్చి పెంటకుప్పలో పారవేయుదురు. రెండు మాసములు గడచి, నిజాంసాగరు కాలువ క్రింద వరినాట్లు ముగిసి, పైరునకు పురుగు తగిలిన దనగానే, ఆ గింజలను ఊడ్పించిన గృహస్థుడే పట్టణమునకు వచ్చి అరువునకు మందుసీసా కొనిపోవుచుండును. అట్టి దుకాణములలో అమ్ము మందులలో కొన్ని వేపగింజలనుండి తీసిన సారములే. తాను పారవేసిన వస్తువును తానే వెలయిచ్చి కొనుటకంటె వింత మఱి యేమున్నది?

ఈ వింతకు కారణము తెలియమి యని కొందఱందురు. మే మట్లు తలపము. వేపాకును ధాన్యపు గాదెలలో వేసిన తాతలను మన మెఱుగుదుము. తెలివి మనయొద్దనే యున్నది, లోపించినది శ్రద్ధ.

చెట్టు శత్రువును చూచి పరుగెత్తజాలదు. కావున తనను తిన వచ్చు పురుగులకు వెగటు గొలుపు ద్రవ్యములను తన బెరడునందును, ఆకునందును, గింజయందును కూర్చుకొనును. మనుష్యుడు వానినే వేఱుచేసి ఔషధములుగా వాడుకొనుచున్నాడు. 1820లో పెల్లెటియే, కావెంతూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సింకోనా బెరడునుండి క్వినైను తీసిరి. చలిజ్వరమునకు అది లోకమంతట మందయ్యెను. మన వేపచెట్టు చరిత్రము దీనికి తీసిపోవునది కాదు. దేశము స్వాతంత్ర్యమునకై తుది పోరాటము సాగించిన 1942వ సంవత్సరముననే, సలీముజ్జమాన్ సిద్దికీ అను భారతీయ రసాయన శాస్త్రజ్ఞుడు వేపనూనెనుండి నింబిన్ మొదలగు చేదు పదార్థములను వేఱుచేసి ‘కరెంట్ సైన్స్’ పత్రికయందు ప్రకటించెను. 1968లో బటర్‌వర్తు, మోర్గను అను ఆంగ్లేయ పరిశోధకులు, మిడుతలు ఏ పదార్థము సోకిన ఆకును ముట్టవో పరీక్షించుచు, వేపగింజనుండి అజాడిరాక్టిన్ అను ద్రవ్యమును తీసిరి.

ఈ అజాడిరాక్టిన్ పురుగును తక్షణమే చంపునది కాదు. అది సోకిన ఆకును పురుగు తినదు. తినినను, కుబుసము విడిచి పెరుగుటకు కావలసిన దేహధర్మము చెడి క్షీణించును. దీని నిర్మాణము ఎంత చిక్కైన దనగా, 1985 ప్రాంతమున అది పూర్తిగా తేలిన పిమ్మట, దానిని ప్రయోగశాలలో కూర్చుటకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారికి 2007 వరకు, అనగా సుమారు 22 సంవత్సరములు పట్టినది. అంతటి మహాపండితులు అంతకాలము శ్రమించి కూర్చిన దానిని మన గట్టుమీది చెట్టు ఏటేట వేసవిలో ఉచితముగా రాల్చుచున్నది.

దీని విలువను పరదేశీయులు మనకంటె ముందుగా లెక్కగట్టిరి. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను అరికట్టు పద్ధతిపై 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయము అమెరికా వ్యవసాయశాఖకును, డబ్ల్యు. ఆర్. గ్రేస్ అను కంపెనీకిని హక్కుపత్రము నొసగెను. మన వారికి తరతరములుగా తెలిసిన దానిని నూతన కల్పన యనుట యెట్లని వందనా శివ మొదలగువారు ఆక్షేపించిరి. 2000 మే మాసమున ఆ హక్కు రద్దయ్యెను. దానిపై అప్పీలు సైతము 2005 మార్చిలో కొట్టివేయబడెను. వ్యాజ్యములో మనము గెలిచితిమి. కాని వ్యాజ్యములో గెలిచిన వేపను పొలములో ఓడించుచున్నాము. హక్కు మనదని తీర్పు వచ్చిన మాత్రమున గింజ తనంతట తానే గోనెలోనికి రాదు గదా!

ఇది కేవలము పుస్తకములలోని మాట కాదనుటకు మన తెలుగుదేశముననే నిదర్శన మున్నది. ఖమ్మము ప్రాంతపు పునుకుల గ్రామమువారు పత్తి, మిరప పైరులపై విషపు మందులు చల్లి చల్లి అప్పులపాలై, తుదకు వేపగింజల కషాయము మొదలగు పద్ధతుల నవలంబించి, 2003-04 నాటికి తమ గ్రామమున పురుగుమందుల వాడుకనే మానివేసిరి. ఆ యూరి స్త్రీలు వేపగింజలను సేకరించి పొడిచేసి అమ్ముటయే ఒక జీవనోపాధి చేసికొనిరి. అచ్చటి చెట్టునకును బాన్సువాడ చెట్టునకును భేదమేమియు లేదు.

చేయవలసిన పనియు కష్టమైనది కాదు. పండి రాలిన కాయలను వెంటవెంటనే యేరి, గుజ్జు తీసి కడిగి, గింజలను నీడను ఆరబెట్టి, గాలి తగులు గోనెసంచులలో నిలువచేయవలెను. తడియున్న గింజలకు బూజు పట్టును. బూజుపట్టిన గింజ పనికిరాదు. వాడవలసినపుడు పప్పును దంచి, 5 కిలోల పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రియంతయు నానబెట్టి, గుడ్డతో వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్ల నీటికి సరిచేసి పిచికారి చేయవలెను. ఎండ సోకిన అజాడిరాక్టిన్ చెడును గనుక సాయంకాలమున చల్లుటయే మేలు. కలిపిన కషాయమును నిలువయుంచరాదు. గింజలనుండి నూనె తీయగా మిగిలిన వేపపిండి పొలమునకు ఎరువగును. యూరియాలోని నత్రజని త్వరితముగా వ్యర్థము కాకుండ వేపనూనె ఆపుననియే 2015లో కేంద్రప్రభుత్వము దేశమున తయారగు యూరియా కంతకును వేపనూనె పూత పూయవలెనని నిర్ణయించినది.

అతిశయోక్తి మాకు సమ్మతము కాదు. పురుగు మడియంతయు వ్యాపించిన తరువాత కషాయము చల్లి ఫలము లేదని దూషించుట న్యాయము గాదు. పురుగు తొలిదశలో నున్నపుడే ఇది పనిచేయును. కాండములో దూరిన పురుగును ఇది చేరజాలదు. చెట్టునుండి వచ్చినదని దేనినైనను నిర్భయముగా మ్రింగుటయు ప్రమాదమే. వేపనూనె త్రాగించుటవలన పసిబిడ్డల ప్రాణములకు ముప్పు వాటిల్లిన సందర్భము లున్నవి. ఏది ఎంతవరకు పనిచేయునో అంతవరకే వాడుకొనుట వివేకము.

చెట్టు శాశ్వతమని యెంచుటయు భ్రమ. 2021లో తెలంగాణపు జిల్లాలలో వేపచెట్లు కొమ్మల కొనలనుండి యెండుట చూచి జనులు భయపడిరి. అది శిలీంధ్రమువలన కలిగిన తెగులని శాస్త్రజ్ఞులు తెలిపిరి. చాల చెట్లు మరల చిగిర్చినవి గాని, ఆ హెచ్చరికను మఱచుట తగదు. వెడల్పు చేయు రోడ్లకును, వేయు ప్లాట్లకును ముందుగా బలియగునది వేపచెట్టే.

కావున భూస్వాములకు మా మనవి యిది: కౌలుదారునకు మందుల ఖర్చుకై అప్పిచ్చుటకు మునుపు, జూను మాసమున గింజలేరు కూలీలకు తగిన కూలి యిండు. పట్టణవాసులకు మా మనవి: మీ సహకార సంఘములద్వారా ఆ గింజలను న్యాయమైన వెలకు కొని, దంచు యంత్రమొకటి నెలకొల్పుడు. నిజాంసాగరు కట్టుటకు 1923 మొదలు 1931 వరకు ఎనిమిదేండ్లు పట్టినది. ఆ నీటితో పండు పంటను కాపాడుకొనుటకు ఎనిమిది దినముల యేరుడు మనకు భారమగునా? రాలిన గింజ మరల చెట్టెక్కదు. ఈ యేటి గింజలను ఈ యేడే యేరుకొనవలెను.